కణద్వారాన్ని మూసే కడలి విషం

మన నిఘంటువులలో 'విషము' అనే మాటకు గరళమనే అర్థంతోపాటు నీరు అనే అర్థం కూడా ఉన్నది. ప్రాణం నిలిపే నీటికీ, ప్రాణం తీసే గరళానికీ ఒకే పేరు ఎట్లా వచ్చిందని తరగతిలో విద్యార్థులు అడుగుతుంటారు. పాలసముద్రాన్ని చిలికినప్పుడు అమృతంకన్న ముందు హాలాహలం పుట్టిందన్న కథను గుర్తుచేసి, సముద్రగర్భంలో రెండూ ఉన్నవని సమాధానం చెబుతుంటాను. పురాణాలలోని ఆ హాలాహలం సంగతి అట్లా ఉంచి, నిజంగానే సముద్రంలో లభించే ఒక మహావిషాన్ని గురించి, అది మన నాడీకణాల మీదా కండరకణాల మీదా పనిచేసే తీరును గురించి ఈ వ్యాసంలో వివరించదలచాను.

తెలుగు పాఠం చెప్పే వానికి ఈ శాస్త్రవిషయంతో పనేమిటని కొందరికి సందేహం కలుగవచ్చును. ఇందుకు కారణం నా పన్ను. కొంతకాలం క్రితం పుచ్చిపోయిన దవడపన్ను ఒకటి తీయించుకున్నాను. డాక్టరు చిగురులో సూదిమందు ఇచ్చిన కొద్ది నిమిషాలకు పెదవీ, నాలుకా మొద్దుబారినవి. పన్ను లాగుతున్నట్లు తెలిసింది కాని నొప్పి తెలియలేదు. ఆ పూటే కళాశాలకు వచ్చి వర్ణోత్పత్తి స్థానాలు బోధించవలసి వచ్చింది. ప, ఫ, బ, భ, మలు ఓష్ఠ్యాలని చెప్పబోతే ఒక్క ఓష్ఠ్యమూ సరిగా పలుకలేదు. తరగతి అంతా నవ్వింది, నేనూ నవ్వాను.

విరామ సమయంలో మా జంతుశాస్త్ర ఉపన్యాసకులను ఇదేమి చిత్రమని అడిగాను. "ఆ మందు మీ నాడీకణాల తలుపులను కాసేపు మూసివేసింది. అవే తలుపులను మూసే చేప విషం ఒకటి ఉన్నది. దానిని తిన్నవారికి కూడా మొదట మొద్దుబారేవి పెదవులే. కాని అది అక్కడితో ఆగదు" అన్నారాయన. ఆ మాట పట్టుకొని చదివినదాని ఫలితమే ఈ వ్యాసం.

కెప్టెన్ కుక్ చవిచూసిన చేప

1774 సెప్టెంబరు మాసంలో ఆంగ్ల నావికుడు జేమ్స్ కుక్ 'రిజల్యూషన్' అనే ఓడలో పసిఫిక్ మహాసముద్రంలోని న్యూ కాలెడోనియా ద్వీపాన్ని చేరాడు. అక్కడి స్థానికుని వద్ద ఓడ గుమాస్తా ఒక క్రొత్త రకం చేపను కొన్నాడు. ఓడలో ఉన్న ప్రకృతి శాస్త్రజ్ఞులు ఫార్‌స్టర్ తండ్రీకొడుకులు. ఆ చేపకు బొమ్మ గీయించి, లక్షణాలు వ్రాయించే సరికి చాలా పొద్దుపోయింది. అందువల్ల చేపనంతా వండక, కాలేయాన్నీ గుడ్లసంచినీ మాత్రమే వండారు. కుక్, ఫార్‌స్టర్లు ఇద్దరూ కొద్దిగా రుచి చూశారు. ఆ ఆలస్యమే వారి ప్రాణాలను కాపాడిందని పొరబడనక్కరలేదు. ఆ చేపలో విషం అధికంగా ఉండేది సరిగ్గా ఆ రెండు భాగాలలోనే. వారిని కాపాడింది కొద్దిగా తినడమే.

తెల్లవారుజామున ముగ్గురికీ కాళ్ళుచేతులు పట్టుతప్పినవి. స్పర్శజ్ఞానం దాదాపు పోయింది. నీళ్ళు నిండిన పాత్రా, పక్షి ఈకా చేతిలో ఒకే బరువుగా తోచినవని కుక్ తన దినచర్యలో వ్రాసుకున్నాడు. వాంతులకు మందు పుచ్చుకొని వారు కోలుకున్నారు. ఆ చేప పేగులు తిన్న ఓడలోని పంది మాత్రం తెల్లవారేసరికి చచ్చిపడి ఉన్నది.

బెదిరినప్పుడు నీళ్ళు మింగి బంతివలె ఉబ్బే పఫర్ చేపల జాతి ఒకటి ఉన్నది. ఈ చేపల నోటిలో పలకలవంటి పళ్ళు నాలుగే ఉంటవి. గ్రీకు భాషలో 'టెట్రా' అంటే నాలుగు, 'ఒడస్' అంటే దంతం. దానిని బట్టే ఈ కుటుంబానికి శాస్త్రనామం వచ్చింది. 1909లో జపాను శాస్త్రజ్ఞుడు యొషిజుమి తహారా ఈ చేప నుండి తీసిన విషానికి టెట్రోడోటాక్సిన్ అని పేరు పెట్టాడు. పన్ను కారణంగా ఈ విషయంలోకి వచ్చిన నాకు, విషం పేరులోనే నాలుగు పళ్ళు కనిపించడం వింతగా తోచింది.

జపానులో ఈ చేపను 'ఫుగు' అంటారు. విషభాగాలను తొలగించడంలో లైసెన్సు పొందిన వంటవారు దీనిని విందుభోజనంగా వడ్డిస్తారు. అయినా ప్రమాదాలు తప్పలేదు. జాతీయ గౌరవం పొందిన కబుకి నటుడు ఎనిమిదవ బందో మిత్సుగొరో 1975 జనవరిలో క్యోటోలో ఈ చేప కాలేయాన్ని నాలుగు వడ్డనలు తిని మరణించాడు. భోజనశాలలలో ఫుగు కాలేయాన్ని వడ్డించరాదని 1983లో జపాను ప్రభుత్వం దేశమంతటా నిషేధించింది.

ఈ విషం ఒకటి రెండు మిల్లీగ్రాములు చాలు, నిండు మనిషి ప్రాణం పోవడానికి. అంటే ఒక ఆవగింజ బరువైనా ఉండదు. ఇంత స్వల్పమైన పదార్థం ఇంతటి దేహాన్ని ఎట్లా పడగొడుతున్నది? ఈ ప్రశ్నకు సమాధానం కావాలంటే ముందుగా కణం గోడను పరిశీలించాలి.

త్వచము, ద్వారము

మన శరీరంలోని ప్రతి కణం చుట్టూ పలుచని పొర ఉన్నది. దీనిని త్వచమంటారు. దీని మందం మిల్లీమీటరులో లక్షవ వంతుకు మించదు. ఇది ముఖ్యంగా కొవ్వు పదార్థంతో ఏర్పడినది కనుక, నీటిలో కరిగి విద్యుదావేశం కలిగి ఉండే సోడియం, పొటాషియం అయానులు దీని గుండా తమంత తాము దాటలేవు.

కణం వెలుపల సోడియం ఎక్కువ, లోపల పొటాషియం ఎక్కువ. ఈ తేడాను నిలబెట్టడానికి త్వచంలో పంపు వంటి ప్రోటీన్లు నిరంతరం పనిచేస్తూ, మూడు సోడియం అయానులను బయటికి తోసి, రెండు పొటాషియం అయానులను లోపలికి తెస్తుంటవి. విశ్రాంతిలో ఉన్న నాడీకణం లోపలి భాగం బయటితో పోల్చితే సుమారు 70 మిల్లీవోల్టుల మేర రుణావేశంతో ఉంటుంది. కండరకణంలో ఇది దాదాపు 90 మిల్లీవోల్టులు. ఇదే విశ్రాంతి శక్మం. నిండిన చెరువుకు కట్ట ఎట్లాగో, సోడియానికి త్వచం అట్లాగు. బయట సోడియం ఒత్తుకొని ఉన్నది. లోపలి రుణావేశం దానిని పిలుస్తున్నది. దారి మాత్రం లేదు.

ఆ దారియే సోడియం ద్వారం. ఇది త్వచాన్ని ఈ వైపు నుండి ఆ వైపు వరకు తొలుచుకొని ఉన్న ఒక పెద్ద ప్రోటీను. దీని నడుమ సన్నని రంధ్రం ఉన్నది. త్వచం మీది విద్యుత్తు కొంచెం మారగానే ఈ ద్వారం తెరుచుకుంటుంది. సెకనులో వెయ్యవ వంతు కాలంలోనే వేలాది సోడియం అయానులు లోపలికి దూకుతవి. లోపలి రుణావేశం పోయి క్షణకాలం ధనావేశం వస్తుంది. వెంటనే ఆ ద్వారం మూసుకుంటుంది. వేరుగా ఉన్న పొటాషియం ద్వారాలు తెరుచుకొని, పొటాషియం బయటికి పోయి, త్వచం మళ్ళీ పూర్వస్థితికి వస్తుంది. ఈ మొత్తాన్ని క్రియాశక్మమంటారు.

ఒకచోట ద్వారం తెరుచుకుంటే, అక్కడి విద్యుత్తు మార్పు వల్ల పక్కనున్న ద్వారం తెరుచుకుంటుంది. దానివల్ల ఆ పక్కది. టపాకాయల సరానికి ఒక కొసన నిప్పంటిస్తే రెండవ కొస దాకా పేలుకుంటూ పోయినట్లు సందేశం నాడి వెంట పరుగెత్తుతుంది. సరానికీ నాడికీ భేదమొకటే. పేలిన సరం మళ్ళీ పేలదు. నాడి మాత్రం కొన్ని వేయవ వంతుల సెకనులలోనే మరొక సందేశానికి సిద్ధమవుతుంది. ఈ రహస్యాన్ని ఆంగ్ల శాస్త్రజ్ఞులు హాడ్జ్‌కిన్, హక్స్‌లీలు స్క్విడ్ అనే సముద్రజీవి యొక్క లావుపాటి నాడీతంతువు మీద పరిశోధించి 1952లో ప్రకటించారు. 1963లో నోబెల్ బహుమానం అందుకున్నారు.

బిరడా పడిన ద్వారం

హాడ్జ్‌కిన్, హక్స్‌లీల లెక్కలు సోడియం ప్రవాహం వేరు, పొటాషియం ప్రవాహం వేరు అని చెప్పినవి. కాని రెండింటికీ రెండు వేరు దారులున్నవా, లేక ఒకే దారిలో ఒకదాని వెనుక ఒకటి పోతున్నవా అన్నది తేలలేదు. దానిని తేల్చినది ఈ చేప విషమే.

1964లో నరహషి, మూర్, స్కాట్ అనే ముగ్గురు శాస్త్రజ్ఞులు అమెరికాలో, లాబ్‌స్టర్ అనే పెద్ద రొయ్యవంటి జీవి నాడీతంతువు మీద టెట్రోడోటాక్సిన్ ప్రయోగించారు. సోడియం ప్రవాహం పూర్తిగా ఆగిపోయింది. పొటాషియం ప్రవాహం మాత్రం యథాప్రకారం సాగింది. రెండు దారులూ వేరువేరని, విషం ఒక్క సోడియం దారిని మాత్రమే మూసిందని దీనివల్ల రూఢి అయినది. మనుషులను చంపే విషం శాస్త్రజ్ఞుని చేతిలో సూక్ష్మమైన పనిముట్టయింది. అంతటితో ఆగక, ఒక్కొక్క ద్వారానికి ఒక్కొక్క విషాణువే అంటుకుంటుంది కనుక, అంటుకున్న అణువులను లెక్కించి నాడిలో ద్వారాలు ఎన్ని ఉన్నవో కూడా లెక్కకట్టగలిగారు.

ఆ సంవత్సరమే క్యోటో నగరంలో జరిగిన శాస్త్రసభలో త్సుదా, గోటో, అమెరికాకు చెందిన వుడ్‌వర్డ్ వేరువేరుగా ఈ విషాణువు నిర్మాణాన్ని ప్రకటించారు. పదకొండు కార్బన్, పదిహేడు హైడ్రోజన్, మూడు నైట్రోజన్, ఎనిమిది ఆక్సిజన్ పరమాణువులు. ఇంతే ఈ మహావిషం. దీనికి ఒక కొసన గ్వానిడీనియం అనే ధనావేశం గల భాగం ఉన్నది. సోడియం ద్వారం వెలుపలి మూతి వద్ద రుణావేశం గల అమైనో ఆమ్లాలు ఉన్నవి. అవి సోడియం అయానులను ఆహ్వానించవలసిన ద్వారపాలకులు. ధనావేశం చూసి అవి ఈ విషాణువును కూడా ఆహ్వానిస్తవి. వచ్చిన అతిథి మాత్రం లోపలికి పోదు. పోవడానికి రంధ్రం చాలదు. సీసా మూతికి బిరడా పడినట్లు అక్కడనే చిక్కుకొని, వెనుక వచ్చే సోడియాన్ని అడ్డగిస్తుంది. మనిషి సోడియం ద్వారంలో ఈ విషాణువు కూర్చున్న తీరును 2019లో ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో పరిశీలించగా, ఈ బిరడా భావన నిజమేనని కంటికి కనిపించింది.

ఇక్కడ మూడు విషయాలు గమనించదగినవి. మొదటిది, విషం బయటివైపు నుండి మాత్రమే పనిచేస్తుంది. నాడీతంతువు లోపలికి ఎక్కిస్తే ద్వారం మూతపడదు. నా చిగురులో ఇచ్చిన లిగ్నొకైన్ వంటి మందులు దీనికి విరుద్ధంగా త్వచాన్ని దాటిపోయి, అదే ద్వారాన్ని లోపలి నుండి అడ్డగిస్తవి. రెండవది, విషం సోకిన కణంలో విశ్రాంతి శక్మం చెడదు. పంపు ఆగదు, గోడ కూలదు. కణం బ్రతికే ఉంటుంది. మూడవది, విషాన్ని కడిగివేస్తే ద్వారం మళ్ళీ తెరుచుకుంటుంది. ఆమ్లం వలె కాల్చేది కాదు, కొన్ని సర్పవిషాల వలె కణజాలాన్ని కుళ్ళబెట్టేది కాదు. ఇది తాళం వేసే విషమే కాని ఇల్లు కూల్చే విషం కాదు. ఈ మూడవ విషయంలోనే ఈ వ్యాసం యొక్క సారమంతా ఉన్నది.

నాడి నుండి కండరానికి

చేయి ఎత్తాలని మనం సంకల్పిస్తే, ఆ సందేశం క్రియాశక్మ రూపంలో నాడి వెంట కండరం దాకా వస్తుంది. నాడి కొస నుండి అసిటైల్‌కోలిన్ అనే రసాయనం వెలువడి కండరత్వచాన్ని తాకుతుంది. కండరత్వచం మీద కూడా సోడియం ద్వారాలున్నవి. అవి తెరుచుకొని, క్రియాశక్మం కండరమంతటా వ్యాపించి, లోపల దాచి ఉంచిన కాల్షియంను విడుదల చేయిస్తుంది. కాల్షియం తాకిడికి ఆక్టిన్, మయోసిన్ పోగులు ఒకదాని మీద ఒకటి జారి కండరం సంకోచిస్తుంది.

దక్షిణ అమెరికాలో వేటగాళ్ళు బాణాలకు పూసే క్యురారే విషం నాడికీ కండరానికీ మధ్యనున్న సంధిని మాత్రమే అడ్డగిస్తుంది. ఉత్తరం ఇంటి దాకా వస్తుంది, అందుకునేవారు ఉండరు. అయినా కండరాన్ని నేరుగా విద్యుత్తుతో తాకితే కదులుతుంది. టెట్రోడోటాక్సిన్ అట్లా కాదు. అది ఉత్తరం వచ్చే దారినీ మూస్తుంది, ఇంటి తలుపునూ మూస్తుంది. నాడీత్వచంలోని ద్వారాలు మూతపడి సందేశం రాదు. కండరత్వచంలోని ద్వారాలు కూడా మూతపడటం వల్ల నేరుగా విద్యుత్తు తాకించినా కండరం పలుకదు. ఆశ్చర్యమేమంటే, అటువంటి కండరాన్ని కెఫీన్ ద్రావణంలో ఉంచితే, లోపలి కాల్షియం విడుదలై అది సంకోచిస్తుంది. యంత్రం చెడలేదు, మీట మాత్రమే పనిచేయడం లేదన్నమాట.

గుండె కూడా కండరమే కదా, అది ఎందుకు వెంటనే ఆగదు? గుండె కండరంలోని సోడియం ద్వారం కొంచెం వేరు. ద్వారపు మూతి వద్ద ఒక్క అమైనో ఆమ్లం మారి ఉండటం వల్ల విషాణువు అక్కడ గట్టిగా పట్టుకొనలేదు. ఆ ద్వారాన్ని మూయడానికి వందల రెట్లు ఎక్కువ విషం కావాలి. పఫర్ చేప తన విషానికి తాను చావకపోవడానికి కారణం కూడా ఇటువంటిదే. దాని కండరాలలోని ద్వారాలలో అదే చోట ఒక అమైనో ఆమ్లం మారి ఉన్నది. ఆ మాటకు వస్తే, విషం చేప స్వయంగా తయారుచేసుకున్నది కూడా కాదు. కొన్ని సముద్ర బాక్టీరియాలు దీనిని తయారుచేస్తవని 1980ల దశాబ్దిలో తేలింది. ఆహారం ద్వారా అది చేపలో చేరుతుంది. విషం లేని మేతతో ప్రత్యేకంగా పెంచిన చేపలలో విషం కనిపించలేదు. ఆస్ట్రేలియా తీరంలోని నీలివలయాల ఆక్టోపస్ కాటులోనూ, కాలిఫోర్నియా ప్రాంతపు న్యూట్ అనే ఉభయచరం చర్మంలోనూ ఉన్నది ఈ విషమే.

ఊపిరియే తిర్యాక్

విషపు చేపను తిన్న మనిషికి సాధారణంగా పది నిమిషాల నుండి కొన్ని గంటల లోపల పెదవులు, నాలుక చిమచిమలాడుతవి. తరువాత ముఖమూ వేళ్ళూ మొద్దుబారుతవి. వాంతులు కావచ్చును. మాట తడబడుతుంది, కాళ్ళు పడిపోతవి, రెప్పలు వాలిపోతవి. చివరకు ఉదరవితానం, అంటే ఊపిరి పీల్చడానికి ఆధారమైన పెద్ద కండరం, నిలిచిపోతుంది. మరణం సంభవించేది దీనివల్లనే.

విషం మెదడులోకి సులభంగా ప్రవేశించదు. కనుక కదలిక లేక, మాట లేక, కనుపాప తిప్పలేక పడి ఉన్న మనిషి చాలసేపు తెలివితో ఉండవచ్చును. పక్కనున్నవారు ఆశ వదులుకొని మాట్లాడుకునే మాటలన్నీ అతడు వినవచ్చును. కోలుకున్న పిమ్మట ఆ మాటలను తిరిగి చెప్పిన రోగులను గురించి వైద్యులు వ్రాశారు. ఇంతకన్న భయంకరమైన మౌనం ఏముంటుంది?

ఉర్దూలో విషానికి విరుగుడును 'తిర్యాక్' అంటారు. ఈ విషానికి తిర్యాక్ లేదు. పాము కాటుకు ఉన్నట్లు సూదిమందు ఏదీ లేదు. అయినా మందు లేదంటే మార్గం లేదని అర్థం కాదు. ద్వారాలు మూతపడినవి కాని చెడిపోలేదని పైన చెప్పుకున్నాము. శరీరం ఈ విషాన్ని కొద్దికొద్దిగా బయటికి పంపివేస్తుంది. ఒక దినం గడిస్తే సాధారణంగా గండం గడిచినట్లే. అంతవరకు అతడు పీల్చలేని ఊపిరిని మరొకరు అందించాలి. ఆసుపత్రిలో ఆ పని యంత్రం చేస్తుంది. ఆసుపత్రి చేరేదాకా మనిషే చేయాలి.

ఇది ఎక్కడో జపానుకు చెందిన విషయమని ఊరుకోవడానికి వీలులేదు. బంగాళాఖాతంలో కూడా ఈ జాతి చేపలున్నవి. మన కోస్తా వలలలోనూ పడుతుంటవి. 2008లో బంగ్లాదేశ్‌లో ఈ చేపలు తిని పేద కుటుంబాలవారు మరణించారు. వండినా, వేయించినా, ఎండబెట్టినా ఈ విషం నశించదు. విషభాగాలు తీసివేశామన్న ధైర్యం కూడా చాలదు. కొన్ని రకాలలో కండలో సైతం విషముంటుంది. కనుక ఉబ్బే చేప వలలో పడితే దానిని ఎవరూ తినరాదు, ఊరకే వచ్చిందని ఇంటికి తీసుకుపోరాదు.

ఎవరైనా తిని పెదవులు మొద్దుబారినవంటే లక్షణాలు ముదిరేదాకా ఆగకుండా 108కు కబురుచేసి ఆసుపత్రికి చేర్చాలి. మాట తడబడుతుంటే నోటిలో నీళ్ళుగాని ఆహారంగాని పోయరాదు. ఊపిరి ఆగితే నోటితో ఊపిరి ఊదుతూ ఉండాలి. సహాయం వచ్చేదాకా మానరాదు. గుండె కూడా ఆగినట్లయితే ఛాతీ మీద ఒత్తడం కూడా చేయాలి. విద్యార్థులు ఈ ప్రథమ చికిత్సను ఎన్.సి.సి., ఎన్.ఎస్.ఎస్. శిబిరాలలో శ్రద్ధగా నేర్చుకొనవలెనని నా మనవి. కదలనివానిని చూసి చనిపోయాడని తీర్మానించే తొందర మనకు తగదు. అతనితో ధైర్యంగా మాట్లాడుతూ ఉండాలి. అతడు వింటూ ఉండవచ్చును.

ఆ రోజు నా పెదవి సంగతి చెప్పి ముగిస్తాను. రెండు గంటలు గడిచేసరికి మందు ప్రభావం తగ్గి, చివరి పీరియడులో పవర్గమంతా స్పష్టంగా పలికింది. విద్యార్థులు చప్పట్లు కొట్టారు. నేను చేసిన ప్రయత్నమేమీ లేదు. మూసిన తలుపులు వాటంతట అవే తెరుచుకున్నవి. ఆ విషం తిన్నవాని తలుపులు కూడా తెరుచుకుంటవి. అవి తెరుచుకునేదాకా అతని పక్కన ఊపిరి అందించే మనిషి ఒకడు ఉంటే చాలు.